చిక్కుపడని విసురు

ఈకలతో, నూలుతో కట్టిన తేలికైన కృత్రిమ కీటకాన్ని, అంటే ఫ్లైని, బరువైన పూత గల దారం సాయంతో నీటిపైకి విసిరి ట్రౌట్ వంటి చేపలను పట్టే విద్యను ఫ్లై ఫిషింగ్ అంటారు. దారానికీ ఫ్లైకీ నడుమ, సాధారణంగా 9 అడుగుల పొడవున, మొదట లావుగా ఉండి కొసకు పోనుపోను సన్నబడే నైలాన్ పోగే లీడర్. కొత్తవారి ఓపికకు అసలు పరీక్ష ఇదే.

చిక్కు పడినప్పుడల్లా గాలిని నిందించడం ఆనవాయితీ అయినా, తప్పు చాలావరకు చేతిదే. కర్రను ముందుకు ఊపేటప్పుడు బలమంతా ఒక్కసారిగా ప్రయోగిస్తే, కర్ర అతిగా వంగి దాని కొస సరళమార్గాన్ని విడిచి కిందికి దిగుతుంది. దాంతో గాలిలో దారం ఏర్పరిచే మెలికలో పై పాయ కింది పాయను దాటి, లీడర్‌ను బాగా బలహీనపరిచే ముడి పడుతుంది.

ఈ కదలికను విడమరచి బోధించిన అమెరికా శిక్షకురాలు జోన్ వుల్ఫ్ కృషి ఎంతైనా మెచ్చదగినది. న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లో భర్త లీ వుల్ఫ్‌తో కలిసి శిక్షణాలయం నెలకొల్పిన ఆమె, 1987 నాటి తన గ్రంథంలో కర్రకు భారమెక్కించే నిదానపు కదలికనూ, చివరి చురుకైన విదిలింపునూ వేరుచేసి వివరించడంతో, కండబలం కంటే వేగాన్ని క్రమంగా పెంచి చటుక్కున ఆపడమే ముఖ్యమన్న సంగతి సామాన్య అభ్యాసకులకూ అందింది.

నేర్చుకునేవారు మొదట ఏడున్నర అడుగుల లీడర్‌తో, కొక్కెం బదులు ఉన్నిపోగు కట్టి, పచ్చికపై సాధన చేయాలి. వెనుకకు పోయిన దారం పూర్తిగా సాగేవరకు ఆగి, ఆ తర్వాతే ముందుకు విసరాలి.