సినిమా చూడకుండానే సినిమా గీసినవాళ్లు

1977 ఏప్రిల్‌లో అమెరికా పత్రికల దుకాణాల్లోకి మార్వెల్ సంస్థ కొత్త కామిక్ ఒకటి వచ్చింది. పేరు స్టార్ వార్స్. అదే పేరున్న సినిమా థియేటర్లకు రావడానికి ఇంకా నెలకు పైగా గడువుంది. అది విడుదలైంది మే 25న. కామిక్ ముఖచిత్రం మీద కథానాయకుడు ల్యూక్ చేతిలోని కాంతి ఖడ్గం ఎర్రగా వెలుగుతుంటుంది. అతని వెనక డార్త్ వేడర్ ముసుగు ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. సినిమాలో ల్యూక్ ఖడ్గం నీలం, వేడర్ ముసుగు నిగనిగలాడే నలుపు. బొమ్మలు వేసిన హోవర్డ్ చైకిన్ చేతిలో ఉన్నవి స్క్రిప్టు, కొన్ని స్టిల్స్, రాల్ఫ్ మెక్‌క్వారీ ముందుగా వేసిన ఊహాచిత్రాలు. పూర్తయిన సినిమా ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే అది ఇంకా పూర్తి కాలేదు.

సైన్స్ ఫిక్షన్ సినిమాలను కామిక్స్‌గా మలిచిన పాత సంప్రదాయంలో చాలా భాగానికి ఈ పరిస్థితే పునాది. చూడని సినిమాను గీయాలి, వినని మాటకు స్వరం ఇవ్వాలి, కదలని కాగితం మీద కదలిక పుట్టించాలి. అందుకే వీటిని సినిమా ప్రచారం కోసం అచ్చేసిన చవక నకళ్లుగా కొట్టిపారేయడం అన్యాయం. వాటిలో మంచివి ఒక కథకు స్వతంత్రమైన వ్యాఖ్యానాలు. వాటి విలువ సినిమాను ఎంత పోలి ఉన్నాయన్న దానిలో లేదు. సినిమా చేయలేని పని కాగితం మీద ఏం చేశాయన్న దానిలో ఉంది.

పది సెంట్ల పుస్తకం నుంచి

ఈ వరస 1950 ప్రాంతంలో ఊపందుకుంది. జార్జ్ పాల్ నిర్మించిన ‘డెస్టినేషన్ మూన్’ ఆ ఏడాదే తెరకెక్కింది, ఆ ఏడాదే ఫాసెట్ సంస్థ చేతుల్లో కామిక్ అయింది. 1952లో అదే సంస్థ ‘ద మ్యాన్ ఫ్రమ్ ప్లానెట్ ఎక్స్’నూ, జార్జ్ ఎవాన్స్ బొమ్మలతో ‘వెన్ వరల్డ్స్ కొలైడ్’నూ తెచ్చింది. తర్వాత ఈ బరువును డెల్ ఎత్తుకుంది. ‘ఫోర్ కలర్’ అనే పేరుతో పదమూడు వందలకు పైగా సంచికలు వేసిన ఆ సంస్థ, ‘20,000 లీగ్స్ అండర్ ద సీ’, ‘ద ల్యాండ్ అన్‌నోన్’, ‘ద లాస్ట్ వరల్డ్’ వంటి సినిమాలను పది, పదిహేను సెంట్ల పుస్తకాలుగా పిల్లల చేతుల్లో పెట్టింది. అరవైల్లో గోల్డ్ కీ, డెబ్భైల్లో మార్వెల్ ఆ పనిని కొనసాగించాయి. 1977లో మొదలైన ‘మార్వెల్ సూపర్ స్పెషల్’ 1986 దాకా 41 సంచికలు నడిచింది. వాటిలో చాలా భాగం సినిమా కథలే.

కుదింపు అనే విద్య

ఈ పనిలో మొదటి పరీక్ష స్థలం దగ్గరే వస్తుంది. 1960లో వచ్చిన ‘ద టైమ్ మెషీన్’ సినిమా నిడివి 103 నిమిషాలు. దాన్ని అలెక్స్ టోత్ డెల్ కోసం ముప్పై చిల్లర పేజీల కామిక్‌గా వేశారు. అంటే ఒక్కో పేజీ మూడు నిమిషాలకు పైగా సినిమాను మోయాలి. పేజీకి ఐదారు బొమ్మలు అనుకుంటే, ఒక్కో బొమ్మ అర నిమిషానికి పైగా కథకు బాధ్యత వహించాలి. ఆ అర నిమిషంలో ఏ క్షణాన్ని ఎంచుకోవాలి? మనిషి తలుపు తీయబోతున్న క్షణమా, తీసి నిర్ఘాంతపోయిన క్షణమా? రెండూ వేసే చోటు లేదు. ఈ ఎంపికలోనే చిత్రకారుడి ప్రతిభ తేలిపోతుంది.

టోత్ ఈ విషయంలో అందెవేసిన చేయి. బొమ్మలో అవసరం లేని గీతను తీసేయడమే ఆయన పద్ధతి. నలుపును ముద్దగా పరిచి, దాని పక్కన ఖాళీని వదిలి, చూపు ఎక్కడ ఆగాలో అక్కడే ఆపుతారు. చవక కాగితం మీద సన్నని గీతలు అలుక్కుపోతాయి, గట్టి నలుపు నిలబడుతుంది. అచ్చు యంత్రం పరిమితిని ఆయన శైలిగా మార్చుకున్నారు.

కాలప్రయాణం కథకు కామిక్ పుట్టుకతోనే అనువైనది కూడా. సినిమాలో కాలం గడుస్తోందని చూపించడానికి జార్జ్ పాల్ ఎదురింటి దుకాణం అద్దాల వెనక బొమ్మకు దుస్తులు మార్చి మార్చి చిత్రీకరించాల్సి వచ్చింది. కామిక్‌లో రెండు ప్యానెళ్ల మధ్య ఉన్న సన్నని తెల్ల గీతే కాలం. ఆ గీతలో ఒక్క రెప్పపాటు పట్టవచ్చు, ఎనిమిది లక్షల ఏళ్లూ పట్టవచ్చు. ఎంత పట్టిందో పాఠకుడు తన మనసులో నింపుకుంటాడు. కథలోని యంత్రం చేసే పనిని చదువరే చేస్తాడు.

నిశ్శబ్దానికి మాటలు, అరుపుకు అక్షరాలు

రెండో పరీక్ష ధ్వనిది. స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో మొదటి సంభాషణ వినపడేసరికి దాదాపు అరగంట కావస్తుంది. సినిమా వచ్చిన ఎనిమిదేళ్లకు, 1976లో జాక్ కర్బీ దాన్ని మార్వెల్ ట్రెజరీ పుస్తకంగా వేశారు. మామూలు కామిక్ కంటే వైశాల్యంలో దాదాపు రెట్టింపు పేజీలు. కుబ్రిక్ మౌనంగా వదిలేసిన చోటల్లా కర్బీ వ్యాఖ్యానం రాశారు. ఎముకను చేతబట్టిన ఆదిమానవుడి మనసులో ఏం కదులుతోందో చెప్పారు.

ఇది మూల చిత్రానికి ద్రోహమని అప్పుడూ ఇప్పుడూ కొందరి అభియోగం. నేను ఒప్పుకోను. కుబ్రిక్ ప్రేక్షకుణ్ణి దూరంగా నిలబెట్టి ఆశ్చర్యపరిచారు. కర్బీ పాఠకుణ్ణి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లారు. అంతరిక్ష శక్తిని చూపడానికి ఆయన వాడే నల్లని చుక్కల గుంపులు, పేజీ అంచులు దాటిపోతాయేమో అనిపించే యంత్రాలు, దగ్గరకొచ్చి మీద పడే ముఖాలు ఏ ప్రొజెక్టరూ వేయలేని బొమ్మలు. పైగా ఆ కథ అక్కడ ఆగలేదు. ఆ పుస్తకం వెనకే కర్బీ పది సంచికల ధారావాహిక నడిపారు. దాని ఎనిమిదో సంచికలో పుట్టిన యంత్రమానవుడే తర్వాత మెషీన్ మ్యాన్‌గా మార్వెల్ ప్రపంచంలో స్థిరపడ్డాడు. ఒక సినిమా అనుసరణ కొత్త పాత్రను కన్నది.

ధ్వనికి మరో రకం జవాబు 1979లో వచ్చిన ‘ఏలియన్: ది ఇలస్ట్రేటెడ్ స్టోరీ’లో ఉంది. రచన ఆర్చీ గుడ్‌విన్, బొమ్మలు వాల్ట్ సైమన్సన్, అక్షరాలు జాన్ వర్క్‌మన్. హెవీ మెటల్ పత్రిక వెలువరించిన ఈ పుస్తకం పుస్తకాల షాపుల్లో పెద్దల కోసం అమ్ముడైంది; న్యూయార్క్ టైమ్స్ అత్యధిక విక్రయాల జాబితాకూ ఎక్కింది. కామిక్స్‌లో హింసను, భయాన్ని కట్టడి చేసే ‘కామిక్స్ కోడ్’ నియమాలు దీనికి అడ్డు కాలేదు కాబట్టి భయాన్ని పలచన చేయాల్సిన అవసరం రాలేదు.

భోజనాల బల్ల దగ్గరి ఘట్టం గుర్తు తెచ్చుకోండి. కేన్ అనే పాత్ర ఛాతీని చీల్చుకుని ప్రాణి బయటపడే చోటు. సినిమా దర్శకుడి చేతిలో సెకన్లున్నాయి. ఎప్పుడు ఉలికిపడాలో ఆయన నిర్ణయిస్తాడు. కామిక్ చదువరి తన వేగంతో చదువుతాడు, కావాలంటే ముందు పేజీలోకి తొంగిచూస్తాడు. అలాంటివాణ్ణి ఉలిక్కిపడేలా చేయడానికి చిత్రకారుడి దగ్గర ఉన్న ఆయుధాలు రెండు: ప్యానెల్ సైజు, పేజీ తిప్పే చోటు. ముఖాలను, చేతులను చిన్న చిన్న ప్యానెళ్లలో ఇరికించి ఊపిరాడకుండా చేసి, ఒక్కసారిగా పెద్ద బొమ్మను విప్పుతారు. అరుపు బుడగలో ఒదిగి కూర్చోదు. చేత్తో రాసిన అక్షరమే బొమ్మలో భాగమై కేక పెడుతుంది.

1981 నాటి ‘అవుట్‌ల్యాండ్’ సినిమాను జిమ్ స్టెరాంకో హెవీ మెటల్ పత్రికలో అనుసరించినప్పుడు ఈ పేజీ రచన ఇంకో మెట్టు ఎక్కింది. ఎదురెదురు పేజీలు రెండింటినీ ఒకే తెరగా తీసుకుని, మధ్యలో పెద్ద బొమ్మ, దాని చుట్టూ చిన్న ప్యానెళ్లు పేర్చారు. చదువరి కన్ను కథ జరిగే గనుల కాలనీ మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది, అదే సమయంలో అందులో జరుగుతున్న హత్యనూ, పరుగునూ విడివిడిగా పట్టుకుంటుంది. తెర మీద ఇవి ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిందే.

ముఖం ఎవరిది?

మూడో పరీక్ష నటుల పోలిక. సినిమా హక్కులు కొన్నంత మాత్రాన నటుడి ముఖం వాడుకునే హక్కు రాదు. 1978లో గుడ్‌విన్, సైమన్సన్ కలిసి చేసిన ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్’ కామిక్‌లో నటుల పోలికలు రాకుండా జాగ్రత్తపడాల్సి వచ్చింది. తెర మీద రిచర్డ్ డ్రేఫస్ ముఖంలోని విస్మయమే కథను నడిపిన సినిమా అది. ఆ ముఖమే లేకుండా చేసినప్పుడు చిత్రకారుడు వేరే దారి వెతుక్కోవాలి: ఒంటి వంపు, చేతుల తీరు, ఆకాశం నుంచి పడే వెలుగు. బలవంతాన వచ్చిన ఈ కట్టడి చిత్రకారుణ్ణి నటుణ్ణి చేసింది. పాత్ర తరఫున కాగితం మీద నటించాల్సింది అతనే కదా.

ఇక రంగులు. పాత కామిక్స్ అచ్చులో నీలం, ఎరుపు, పసుపు సిరాలను మూడు మోతాదుల్లో చుక్కలుగా కలిపితే వచ్చేవి మొత్తం 64 రంగులే. 1982లో ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలోని వర్షపు రాత్రులను, నియాన్ వెలుగులను పట్టుకోవాలనుకున్న అల్ విలియమ్సన్ బృందం రంగుల మీద ఆధారపడలేదు. కలం గీతలతో, నీడలతో ఆ నగరాన్ని కట్టింది. ఆ నీడల్లోకి గుడ్‌విన్ పాత డిటెక్టివ్ కథల ధోరణిలో వ్యాఖ్యానం రాశారు.

పోయిన సినిమాల జాడలు

ఇప్పుడు వీటి విలువ గురించి. మొదటిది జ్ఞాపకం. స్టార్ వార్స్ అమెరికాలో వీడియో క్యాసెట్‌గా వచ్చింది 1982లో. అంతవరకు సినిమా మళ్లీ థియేటర్‌కొస్తే తప్ప చూసే దారి లేదు. ఆ అయిదేళ్లూ పిల్లల చేతిలో సినిమాను నిలిపింది కామిక్. మనకూ ఈ అవసరం కొత్త కాదు. థియేటర్ బయట అమ్మిన పాటల పుస్తకాలు సగం కథ చెప్పి మిగతాది తెర మీద చూడమనేవి; ముళ్లపూడి వెంకటరమణ వంటివారు రాసిన వెండితెర నవలలు ఇంట్లో కూర్చుని సినిమాను మళ్లీ అనుభవించే వీలిచ్చాయి. రూపం వేరు కావచ్చు, ఆకలి ఒకటే.

రెండో విలువ చరిత్రకారులకు. స్క్రిప్టు చూసి గీశారు కాబట్టి, ఎడిటింగ్ బల్ల మీద తెగిపోయిన దృశ్యాలు కామిక్స్‌లో బతికిపోయాయి. స్టార్ వార్స్ మొదటి సంచికలో ల్యూక్ తన స్నేహితుడు బిగ్స్‌తో మాట్లాడే ఘట్టం ఉంటుంది. 1977 సినిమాలో అది లేదు. రెండో సంచికలో జబ్బా అనే పాత్ర కనిపిస్తాడు, కానీ తర్వాత మనకు తెలిసిన జలగ లాంటి భారీకాయంతో కాదు, రెండు కాళ్ల మీద నడిచే పసుపు ఛాయ జీవిగా. ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ అనుసరణ మొదటి పేపర్‌బ్యాక్ రూపంలో యోడా కూడా వేరే ఆకారంలో ఉంటాడు. తొలినాటి నమూనా చిత్రాలను నమ్మి వేసిన బొమ్మ అది. తర్వాతి ముద్రణల్లో దిద్దారు. ఇవి పొరపాట్లు కావు. ఒక సినిమా తన తుది రూపాన్ని నిర్ణయించుకోక ముందు ఎలా ఉండబోయిందో చెప్పే సాక్ష్యాలు.

మూడో విలువ ఈ రెండు కళల బంధుత్వంలో ఉంది. ఎంపైర్ కామిక్ వేసిన అల్ విలియమ్సన్ బాల్యం కొలంబియాలోని బొగోటాలో గడిచింది. అక్కడ థియేటర్‌లో చూసిన ఫ్లాష్ గోర్డన్ సీరియల్ ఆయన్ను అలెక్స్ రేమండ్ బొమ్మల దగ్గరకు నడిపించింది. 1934లో రేమండ్ మొదలుపెట్టిన ఆ బొమ్మల కథే 1936లో సినిమా సీరియల్ అయింది. స్టార్ వార్స్ దర్శకుడు జార్జ్ లూకాస్ మొదట తీయాలనుకున్నది ఫ్లాష్ గోర్డన్ సినిమానే. హక్కులు దొరక్కపోవడంతో స్టార్ వార్స్ పుట్టింది. విలియమ్సన్ అరవైల్లో ఫ్లాష్ గోర్డన్ కామిక్ వేశారు. 1980లో లూకాస్ ‘ఎంపైర్’ సినిమాకూ ఆయనే వేశారు. కాగితం నుంచి తెరకు, తెర నుంచి కాగితానికి దాదాపు యాభై ఏళ్లు నడిచిన ఈ రాకపోకల్లో ఏది మూలం, ఏది అనుసరణ అని విడదీయడం కష్టం.

ఇంట్లోకి వీడియో వచ్చాక ఈ సంప్రదాయానికి గిరాకీ తగ్గింది. హక్కుల చిక్కుల వల్ల చాలా పుస్తకాలు పాత ప్రతుల్లోనే ఉండిపోయాయి. ‘ఏలియన్’ వంటివి కొన్ని మళ్లీ అచ్చయ్యాయి. దొరికినప్పుడు వీటిని సినిమా పక్కన పెట్టుకుని చదవండి. సినిమాతో కలిసిన చోట్లను దాటేయండి, కలవని చోట ఆగండి. అక్కడ ఒక చిత్రకారుడు తన దగ్గర లేని సమాచారాన్ని తన ఊహతో పూరించుకున్నాడు. నెలాఖరు గడువులోపు, చవక కాగితం మీద, పేరొస్తుందన్న హామీ లేకుండా చేసిన ఆ ఊహ సైన్స్ ఫిక్షన్ చరిత్రలో తన వంతు స్థానాన్ని న్యాయంగా సంపాదించుకుంది. ఆ స్థానాన్ని ఇవ్వాల్సిన బాధ్యత ఇప్పుడు పాఠకులది.