జీతంలేని జట్టుకు కెప్టెన్

మహబూబాబాద్ జిల్లా కురవి వంటి ఊళ్లలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే జట్లకు జీతమూ ఒప్పందమూ ఉండవు కనుక, పనులు మానుకుని వచ్చిన పదకొండు మందిని ఒక్కతాటిపై నిలిపే కెప్టెన్ నేర్పు నిజంగా మెచ్చదగినది. బ్యాటింగ్ వరుస, అంటే ఎవరి తరువాత ఎవరు ఆడాలన్న క్రమం, ఆ నేర్పుకు గీటురాయి; చివర దిగేవాడికి ఒక్క ఓవరైనా, అనగా ఆరు బంతుల విడతైనా, అప్పగించి, ఫీల్డర్లను నిలిపే చోటు గురించి అతణ్ణే అడిగినప్పుడు, గెలవాలన్న పట్టుదల నలుగురైదుగురు మేటి ఆటగాళ్ల దగ్గరే ఆగిపోకుండా జట్టంతటికీ పాకుతుంది. హైదరాబాదుకు 1986–87లో దేశవాళీ క్రికెట్ పోటీ అయిన రంజీ ట్రోఫీ సాధించిపెట్టిన కెప్టెన్ ఎం.వి. నరసింహారావు, ఉత్తర ఐర్లాండ్‌లోని స్ట్రబేన్‌లో అందరినీ కలుపుకుపోయే ఇదే విద్యతో, మతవైరం విడదీసిన కాథలిక్, ప్రొటెస్టంట్ పిల్లలను క్రికెట్ ద్వారా దగ్గర చేసేందుకు కృషి చేశారు.