కుందేలు సంతోషం – కథకులు, శాస్త్రజ్ఞులు

తెలుగులో కుందేలును గూర్చిన మాటలకు లోటు లేదు. లేని వస్తువును కుందేటికొమ్ము అంటారు. మొండిగా వాదించేవాడు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. చంద్రునిలోని మచ్చ కుందేలైంది, చంద్రుడు శశాంకుడైనాడు. అయితే ఈ మాటల్లో ఒక్కటైనా ఆ జంతువు హాయిగా ఉన్నదో, భయంతో బిగిసిపోయి ఉన్నదో చెప్పదు. ఇళ్లలోను, కొన్ని బడుల ఆవరణల్లోను బోను కట్టి తెల్ల కుందేళ్లను పెంచే ఈ రోజుల్లో ఈ అజ్ఞానం ఆ జంతువుల ప్రాణం మీదికి వస్తుంది. కుందేలును గూర్చి వ్రాసినవారిలో ఎవరు దానిని సరిగా చూచారు, ఎవరు తమ మనస్సునే దాని ముఖంలో చూచుకొన్నారు అన్న విచారణ అందువల్ల వట్టి సాహిత్య వినోదం కాదు.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువగా ఉన్న జుక్కల్ వంటి చోటును తీసుకొందాము. పొదలు, చెలకలు గల ఇటువంటి దక్కను నేలల్లో తిరిగే చెవులపిల్లి వేరు, బోనులోని కుందేలు వేరు. మొదటిదాని శాస్త్రనామం లీపస్ నైగ్రికాలిస్. దాని మెడవెనుక నల్లని మచ్చ ఉంటుంది. అది బొరియ త్రవ్వదు, గడ్డిలో చిన్న పల్లం చేసుకొని నక్కి కూర్చుంటుంది. పుట్టేటప్పటికే దాని పిల్లలకు కళ్లు తెరచి ఉంటాయి, ఒంటినిండా బొచ్చు ఉంటుంది. రెండవది ఆరిక్టోలాగస్ క్యునిక్యులస్. ఐరోపా నైరృతి భాగంలో పుట్టి, మనుష్యుల వెంట దేశదేశాలకు వెళ్లింది. బొరియల్లో గుంపులుగా బ్రతుకుతుంది. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుడతాయి. చెవులపిల్లిని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ చెప్పబోయేదంతా రెండవదాని సంగతి. గుంపులో బ్రతికే జంతువు కనుక దాని సంజ్ఞలను చదివే తోటి కుందేళ్లు ఎప్పుడూ ప్రక్కనే ఉంటాయి. బోనులో ఒంటరిగా ఉన్నదానికి ఆ పాఠకులు లేరు, పెంచేవాడే చదవాలి.

పంచతంత్రం మూడవ తంత్రంలో చంద్రసరస్సు ఒడ్డున ఉన్న కుందేళ్ల బొరియలను ఏనుగులు త్రొక్కివేస్తాయి. బొరియ త్రవ్వే కుందేలు ఈ దేశపు సహజప్రాణి కాదు. గడ్డిలోని పల్లాన్నే కథకుడు బొరియ అన్నాడేమో! ఇది పెద్ద దోషమేమీ కాదు. మొదటి తంత్రంలో సింహాన్ని బావిలో దూకించిన కుందేలు కూడా నీతి చెప్పడానికి పుట్టిన పాత్రే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, కథలోని కుందేలు తన సంగతి తానే నోటితో చెప్పుకొంటుంది. తరగతిలో ఈ కథ విన్న పిల్లవానికి, మాట్లాడని కుందేలు ఎదుట కూర్చున్నప్పుడు చెవిని, వీపును, కంటిని చూడాలని తోచదు. ఈ తప్పు కథది కాదు. కథతోనే జంతుశాస్త్రం అయిపోయిందనుకొనే పాఠానిది.

డార్విన్ 1872లో మనుష్యులు, జంతువులు భావోద్వేగాలను వ్యక్తం చేసే తీరును గూర్చి ఒక గ్రంథం వ్రాశాడు. కుందేళ్లు కాలితో నేలను గట్టిగా తాటించి తోటివానిని హెచ్చరిస్తాయని, నేర్పుగా అలాగే తాటించగలిగినవానికి నిశ్శబ్దమైన సాయంకాలం చుట్టుప్రక్కల కుందేళ్లు బదులిస్తాయని అందులో చెప్పాడు. కోపం వచ్చినప్పుడు కూడా ఇదే పని చేస్తాయట. ఒకే సంజ్ఞకు రెండర్థాలున్నాయని, సందర్భం చూడనిదే ఏదీ తేలదని దీనివల్ల తెలుస్తున్నది. ఇది ఆ గ్రంథపు గొప్పతనమే. అయితే భయంతో పిల్లి వీపు విల్లులా వంగడాన్ని, ప్రేమతో కుక్క ఒళ్లంతా మెలికలు తిరగడాన్ని విస్తరించి వర్ణించిన ఆ మహాశయుడు కుందేలు తృప్తికి అంత చోటివ్వలేదు. చప్పుడు చేసే సంజ్ఞకు దొరికిన గౌరవం చప్పుడు చేయని సంజ్ఞకు దొరకలేదు.

ఆ లోటును కొంతవరకు తీర్చినవాడు వేల్సు దేశపు ప్రకృతి పరిశీలకుడు రోనాల్డ్ లాక్లీ. కుందేళ్ల నడవడిని ఏళ్ల తరబడి ఓపికతో గమనించి, వాని ఆంతరంగిక జీవితాన్ని గూర్చి 1964లో పుస్తకం ప్రకటించాడు. దానిని ఆధారం చేసుకొని రిచర్డ్ ఆడమ్స్ 1972లో ‘వాటర్‌షిప్ డౌన్’ అనే నవల వ్రాశాడు. ఈ నవలలోని కుందేళ్లు కూడా మాట్లాడతాయి, నాయకత్వానికి పోట్లాడుకొంటాయి. అంతవరకు మనిషి వాసన తప్పలేదు. కాని వాని భాషలో ఆడమ్స్ ‘థార్న్’ అనే మాట కల్పించాడు. భయం ముదిరి, పారిపోవడానికి కూడా శక్తి లేక కొయ్యబారిపోయిన స్థితికి అది పేరు. కథకుడు కల్పించిన మాటే అయినా కుందేలు పెంచే ప్రతి ఇంటికీ అవసరమైన మాట.

ఎందుకంటే, ఒడిలో వెల్లకిల పడుకోబెట్టిన కుందేలు కదలక మెదలక ఉండడం చూచి, అది హాయిగా నిద్రపోతున్నదని మురిసిపోయేవారు చాలామంది. సెల్‌ఫోనుల్లో తిరిగే చిన్న చలనచిత్రాలు ఈ భ్రమను ఊరూరా పంచుతున్నవి. మెక్‌బ్రైడ్ మొదలైన పరిశోధకులు 2006లో ప్రకటించిన పరిశీలనలో ఈ స్థితి విశ్రాంతి కాదని, భయం వల్ల కలిగిన స్తంభనమని తేలింది. పులి నోటబడ్డ జంతువు చచ్చినట్లు పడి ఉండడం వంటిదే ఇది. పశువైద్యుల పుస్తకాలకంటె ముందే నవలాకారుడు ఈ సంగతి పాఠకుల చెవిన వేశాడు. ఆ మేరకు ఆయనను మెచ్చుకోవలసిందే.

మరి నిజమైన సంతోషానికి గుర్తేమి? కుందేలు పరుగును నమ్ముకొన్న జంతువు. పరుగు అందుకోవడానికి ఆలస్యమయ్యే భంగిమలో అది తనంతట తాను పడుకొన్నదంటే, అక్కడ ప్రమాదం లేదని నమ్మినట్లే. వెనుకకాళ్లు బారచాచి పొట్టను నేలకానించడం, ఉన్నట్టుండి ప్రక్కకు ఒరిగి పడుకోవడం ఈ కోవలోవే. (ఆ ఒరగడాన్ని మొదటిసారి చూచినవారు చచ్చిపోయిందని కేకలు పెట్టడం కద్దు.) లేగదూడ చెంగనాలు వేసినట్లు గాలిలోకి ఎగిరి ఒళ్లు ఒక వైపుకు, తల మరొక వైపుకు తిప్పడం ఉల్లాసానికి గుర్తు. బారెడు వెడల్పు లేని బోనులో ఈ గంతు అసాధ్యం. కనుక అటువంటి బోనులో దాని సంతోషాన్ని వెదకడమే వృథా. తల నిమురుతున్నప్పుడు పళ్లను మెల్లగా రాచుకొనే చప్పుడు తృప్తిని తెలుపుతుంది. ముడుచుకొని కూర్చుని పళ్లు గట్టిగా పటపటలాడిస్తే అది నొప్పి. చెవులు వెనుకకు వాలి ఒళ్లు వదులుగా ఉంటే విశ్రాంతి. చెవులు వాలి, ఒళ్లు బిగిసి, కళ్లు ఉబ్బి ఉంటే భయమో, కోపమో.

ఇక్కడ వేసవిని మరువరాదు. కుందేలుకు మనిషివలె చెమట పట్టదు, ఒంటి వేడిని చాలావరకు చెవులగుండానే వదులుకొంటుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. మే నెలలో రేకుల కప్పు క్రింద బారచాచి పడుకొన్న కుందేలు నోరు తెరచి ఎగశ్వాస తీస్తున్నదంటే అది సంతోషం కాదు, వడదెబ్బ. పైన చెప్పిన భంగిమే ఇక్కడ తారుమారైంది. సంజ్ఞలకు పట్టికలు కట్టి అచ్చువేసే పుస్తకాలు బోల్తాపడేది ఇటువంటి చోటనే.

నొప్పి విషయంలో కొలత కొంత సాధ్యమైంది. 2012లో కీటింగ్ మొదలైనవారు కుందేలు ముఖంలో అయిదింటిని గమనించే పద్ధతి ప్రకటించారు: కళ్లు ముకుళించడం, బుగ్గలు అణగడం, ముక్కుపుటాల ఆకారం, మీసాల తీరు, చెవుల తీరు. సంతోషాన్ని ఇంత నిక్కచ్చిగా కొలిచే సాధనం దీనికి సాటిగా ఇంకా స్థిరపడలేదు. అందువల్ల గమనించేవాని ఓపికే ప్రధానం.

ఉపాధ్యాయుడు తలచుకొంటే ఇందుకు పరికరాలేమీ అక్కరలేదు. చల్లని ఉదయం, మూసిన గదిలో బోను తలుపు తెరచి, విద్యార్థులు నేలమీద కూర్చోవాలి. చేయి చాచకూడదు. కుందేలు కళ్లు ప్రక్కలకు ఉండడంవల్ల దాదాపు చుట్టూ చూడగలదు గాని సరిగా ముక్కు ముందున్నది దానికి కనబడదు. అక్కడ చేయి పెట్టి, అది ఉలిక్కిపడితే పిరికిదనడం అన్యాయం. పది నిమిషాలపాటు అది ఏమి చేసిందో మాత్రమే వ్రాయాలి, ఎందుకు చేసిందో వ్రాయరాదు. గడ్డాన్ని బల్లకోడుకు రాస్తే ‘ముద్దు పెట్టింది’ అని కాక ‘గడ్డం రాచింది’ అని వ్రాయాలి. గడ్డం క్రింది గ్రంథులతో అది తన వాసనను అంటించి, ఆ చోటు తనదని గుర్తు పెట్టుకొంటుందన్న సంగతి ఆ తరువాత చెప్పవచ్చు. మేత ముట్టిందా, పెంటికలు వేసిందా అన్నది కూడా ఆ పుస్తకంలో ఎక్కాలి. ఒక పూటంతా ఈ రెండూ లేకపోతే వ్రాత ఆపి పశువైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి.