గట్టు పూలకు పెరట్లో చోటు

తెలంగాణ చెల్కల గట్ల మీద, రాయలసీమ ఎర్రనేలల బీళ్లలో ఎవరూ విత్తకుండానే మొలిచి పూసే మొక్కల్లో తినదగినవి చాలానే ఉన్నా, పెరటి తోటల గురించి రాసిన పుస్తకాల్లో వాటికి దక్కిన చోటు తక్కువ. తంగేడు, గునుగు అనగానే బతుకమ్మ, తుమ్మి అనగానే వినాయక చవితి గుర్తుకు వస్తాయి గానీ, వాటిని విత్తనం నుంచి పెంచి వంటింటి దాకా తెచ్చుకోవచ్చన్న ఆలోచన అరుదు. అవసరం మాత్రం ఇప్పుడే ఎక్కువ. గట్ల మీద కలుపు మందు కొట్టడం మామూలైపోయింది, రోడ్డు పక్క పొదల మీద వాహనాల పొగా దుమ్మూ పేరుకుంటున్నాయి. అలాంటి చోట కోసిన పువ్వు పూజకు పనికిరావచ్చు గానీ పళ్లెంలోకి పనికిరాదు.

ఈ మూడింటిలో ఎక్కువ శ్రద్ధ కోరేదీ, ఎక్కువ ఇచ్చేదీ తంగేడే. శాస్త్రీయంగా సెన్నా ఆరిక్యులేటా అని పిలిచే ఈ పొదను తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా, ఆ కుటుంబంలోని చాలా మొక్కల వేర్లకు ఉండే బుడిపెలు, అంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవుల నివాసాలు, దీనికి ఉండవు. అయినప్పటికీ బక్క నేలలో, నడివేసవిలో కూడా పచ్చగా నిలబడగలదు. దీన్ని కుండీలో పెంచేవారు ముందుగా అర్థం చేసుకోవలసిన సంగతి ఇదే. గులాబీకి చేసినట్టు రోజూ నీళ్లు పోసి, నెలనెలా ఎరువు వేస్తే తంగేడు ఆకు మీద ఆకు వేస్తుందే తప్ప పూయదు, లేదా వేరు కుళ్లి చచ్చిపోతుంది.

తంగేడు విత్తనాలను నేరుగా మట్టిలో వేస్తే చాలావరకు మొలవవు. విత్తనపు పెంకు నీటిని లోపలికి పోనివ్వకపోవడమే ఇందుకు కారణం. వృక్షశాస్త్రంలో దీన్ని భౌతిక సుప్తావస్థ అంటారు. బీడు నేలలో ఎండలూ వానలూ ఆ పెంకును క్రమంగా బలహీనపరిచే పనిని, ఇంట్లో మనిషి చేతులు చేయవలసి ఉంటుంది. గరుకు కాగితం మీద విత్తనాన్ని ఒక పక్క నునుపు పోయేదాకా రుద్దడం, లేదా మరిగించి దించిన నీటిలో వేసి అదే నీటిలో రాత్రంతా నాననివ్వడం ఇందుకు తేలికైన మార్గాలు. తెల్లవారేసరికి ఉబ్బినవి మొలకెత్తడానికి సిద్ధమైనవి, ఉబ్బనివాటికి మళ్లీ అదే పని చేయాలి. తల్లివేరు లోతుగా దిగే మొక్క కనుక నారు పోసి మార్చడం కంటే, లోతైన డ్రమ్ములో ఎర్రమట్టీ ఇసుకా కలిపి, అడుగున నీరు పోయేందుకు రంధ్రాలు ఉంచి, అక్కడే విత్తుకోవడం మేలు. పూర్తి ఎండ తగలని బాల్కనీలో దీన్ని పెంచాలనుకోవడం మొక్కకు అన్యాయం.

పూత మొదలయ్యాక పువ్వును దగ్గరగా చూడటం ఈ సాగులో దక్కే అసలైన సంతోషాల్లో ఒకటి. ఐదు పసుపు రేకుల నడుమ పది కేసరాలు ఉంటాయి. వాటిలో పైనున్న మూడు పుప్పొడి ఇవ్వని గొడ్డు కేసరాలు. పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి సైతం కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల గుండానే బయటికి రావాలి. అందుకని నల్లని గండు తుమ్మెద పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకొని, రెక్కల కండరాలను వేగంగా వణికించి పుప్పొడిని రాల్చుకుంటుంది. వాలిన తర్వాత కూడా వినిపించే ఝంకారం ఆ వణుకుదే. ఈ పని జరగని కొమ్మకు కాయలు సరిగా పట్టవు కనుక, పూలన్నీ వంటకే కోసుకునే ఇంట్లో మరుసటి ఏటికి విత్తనం మిగలదు.

గుర్తు పట్టడంలో మాత్రం పొరపాటుకు చోటు ఇవ్వకూడదు. పసుపు పూల సెన్నాలన్నీ తినదగినవి కావు. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో జరిగిన పిల్లల మరణాలను పరిశీలించిన వైద్య నిపుణులు కసివింద గింజల్లోని విషాన్ని ఒక కారణంగా చూపారు. ఆ కసివింద తంగేడుకు దగ్గరి బంధువే. తంగేడు ఈనెకు గుండ్రని కొనలున్న చిన్న ఆకులు ఎనిమిది నుంచి పన్నెండు జతలు ఉంటాయి, ఈనె మొదట్లో మూత్రపిండం ఆకారంలో వెడల్పైన పత్రపుచ్ఛాలు, అంటే ఆకు అడుగున కాండాన్ని అంటి ఉండే చిట్టి ఆకులు, స్పష్టంగా కనిపిస్తాయి, కాయ పలచగా కాగితంలా ఉంటుంది. కసివిందకు కొన తేలిన పెద్ద ఆకులు నాలుగైదు జతలే. నలిపితే దుర్వాసన వేస్తుంది. ఈ తేడాలను విత్తనం నుంచి పెంచినవారు నేర్చుకున్నంత గట్టిగా బొమ్మలు చూసినవారు నేర్చుకోలేరు, ఇంటి సాగును సమర్థించే వాదనల్లో అన్నిటికంటే బలమైనది ఇదే.

వంటలో తంగేడు రేకులనూ మొగ్గలనూ పెసరపప్పుతో ఉడికించి పోపు పెట్టుకోవచ్చు. నీడన ఆరబెట్టిన రేకులతో కషాయం కాచుకోవడం తమిళనాడులోనూ శ్రీలంకలోనూ పాత అలవాటు. రుచి కాస్త వగరుగా, చేదుగా ఉంటుంది. ఈ పూల సారం రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది కనుక, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని రోజువారీ పానీయంగా చేసుకోరాదు. గర్భిణులు దూరంగా ఉండటమే మంచిది. మిగిలినవారికైనా ఇది ఎప్పుడో ఒకసారి వండుకునే కూరే.

తుమ్మికీ గునుగుకూ ఇంత ఏర్పాటు అక్కరలేదు. తులసి కుటుంబానికి చెందిన తుమ్మి తొలకరికి మొలిచి, నలుపలకల కాండం చుట్టూ గుత్తులుగా తెల్లని పూలు పూస్తుంది; వినాయక చవితి నాటికి తెలంగాణ ఇళ్లలో కూరకు వచ్చే లేత ఆకు ఇదే. తోటకూర కుటుంబపు గునుగును లేతగా ఉన్నప్పుడే చిగుళ్లు గిల్లి వండుకోవాలి, ఆపైన దాన్ని పూతకు వదిలేయాలి. కంకి నుంచి నల్లగా మెరుస్తూ రాలే సన్నని గింజలు వచ్చే వానకు వాటంతట అవే మొలుస్తాయి, కాబట్టి కుండీకే పరిమితం చేయకపోతే పెరడంతా కమ్ముకుంటుంది. ఇలాంటి సాగు చేయని ఆకుకూరల విలువను జహీరాబాద్ ప్రాంతపు పేద మహిళా రైతులు ఎప్పటినుంచో ఎరుగుదురు. వారితో కలిసి పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ ఎరుకను బయటి లోకానికి చెబుతూ వస్తోంది. పొలంలో కలుపుగా పీకేసే మొక్కను కూరగా వండిన ఆ చేతులకు పట్టణపు పెరటి తోటలు రుణపడి ఉన్నాయి.

తంగేడు విత్తనం కోసం అంగడికి పోనక్కరలేదు, పొదను వేళ్లతో పెకలించుకొని తేవడం అసలే తగదు. ఈ ఏటి బతుకమ్మకు పూలు కోసేవారు ప్రతి పొదకూ రెండు మూడు కొమ్మలను ముట్టకుండా వదిలేయాలి. ఎండిన కాయలు ఆ కొమ్మల మీదే దొరుకుతాయి, ఒక డ్రమ్ముకు గుప్పెడు విత్తనాలు చాలు.