దొరువు నీళ్ళు

బాపట్ల, చీరాల తీరంలోని ఇసుక పర్రల్లో నిలువెత్తు లోతు తవ్వితే చాలు, మంచినీళ్ళు ఊరతాయి. అలా తవ్విన వెడల్పాటి గుంటే దొరువు. పడమటి నల్లరేగడికి ఈ గుణం లేదు. రేగడి నీటిని పట్టుకుంటుంది గాని వదలదు. అందుకే పత్తి, మిరప పండే పల్లెల్లో చాలావాటికి సాగర్ కాలువతో నింపుకునే చెరువే దిక్కయింది. ఇంకా పడమరగా పొదిలి, దర్శి, కనిగిరి వైపు బావుల్లో ఫ్లోరైడ్. అప్పటి నెల్లూరు జిల్లాలో దాని కీడును వైద్యులు 1937లోనే నమోదు చేశారు.

పర్రలో పడిన వాన పెద్దగా పారదు, ఇంకుతుంది. ఇంకిన నీరు అడుగునున్న సముద్రపు ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. ఉప్పునీరు లీటరుకు సుమారు 25 గ్రాములు ఎక్కువ తూగడమే ఇందుకు కారణం. ఈ లెక్కన సముద్రమట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగులు ఉండగలదు. పైన ఒక్క అడుగు తగ్గితే కింద దాదాపు 40 అడుగులు పోతుంది. ఊరి నీటి ఆయుష్షు ఈ లెక్కలోనే ఉంది.

కుండలతో ముంచుకున్నంత కాలం దొరువుకు ఉప్పెక్కే ముప్పు రాలేదు. ముంచినంతా పక్క ఇసుక నుంచి మెల్లగా ఊరేది. లోతుగా బోరు దించి మోటారు పెడితే, గొట్టం కిందనున్న ఉప్పునీరు పుట్టలా పైకి లేచి అందులోకే వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన ఇసుకను కడగడానికి ఎన్నో వానలు పట్టాలి.

బాపట్లలోని లవణజల పరిశోధకులు పాత దొరువునే సవరించారు. నడుమ ఒక బావి దించి, దాని నుంచి ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నైలాన్ జాలీ చుట్టారు. నీరు ఒకే చోట లోతు నుంచి గాక, చాలా మేర పైపొర నుంచి కొద్దికొద్దిగా బావిలోకి చేరుతుంది. సాగు కోసం చేసిన ఏర్పాటే అయినా, తీరంలో తాగునీటి బావికీ ఇది తగిన పద్ధతే.

అయితే ఇసుక నీటిని ఎంత తేలిగ్గా ఇంకించుకుంటుందో మురికినీ అంతే తేలిగ్గా దింపుకుంటుంది. మరుగుదొడ్డి గుంట, ఎరువు, రొయ్యల చెరువు ఉప్పు, అన్నీ చేరేది ఆ నీటిలోకే. బావికి మూత, క్లోరిన్ తప్పనిసరి. ఇళ్ళకోసం ఇసుక దిబ్బలు తవ్వి లారీలకెత్తితే నీరు నిలిచే చోటే పోతుంది. పర్రలకు ఇది పెద్ద నష్టం.

తాగునీటిలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1,000 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం. తీరపు పంచాయతీలు ఏటా మే నెలలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి ప్రతి బావి ఉప్పునూ కొలిపించి పుస్తకంలో రాయించాలి. అంకె పెరిగిన ఏడాదే మోటారు గంటలు తగ్గించాలి.