కన్హాయిలాల్ నాటకం: జోస్యమా, సాధనా?

మణిపూర్ నాటక దర్శకుడు హైస్నాం కన్హాయిలాల్ (1941-2016) భవిష్యత్తును ముందే చూశారనే మాట విమర్శకులలో పాతుకుపోయింది. 2000లో మహాశ్వేతాదేవి కథ ఆధారంగా ఆయన "ద్రౌపది"ని ప్రదర్శించారు. సైనికుల అత్యాచారానికి గురైన ఆదివాసీ స్త్రీ పాత్రలో ఆయన భార్య సబిత్రి, చివరి దృశ్యంలో వివస్త్రగా సేనానాయకునికి ఎదురు నిలిచింది. ఇంఫాల్‌లో దుమారం లేచింది. నాలుగేళ్ళకు, తంగ్జం మనోరమ హత్య తరువాత, 2004 జూలై 15న పన్నెండుమంది స్త్రీలు కాంగ్లా కోట ద్వారం ముందు, అప్పటి అస్సాం రైఫిల్స్ స్థావరం ఎదుట, అట్లాగే నిలబడ్డారు. నాటకం జోస్యం చెప్పిందన్నారు.

ఈ మాట నాకు ఎంతమాత్రం రుచించదు. పొగడ్తలాగే ఉంటుందిగాని, దీనితో కళాకారుడు ఋషి అయిపోతాడు, ప్రజలు శిష్యులైపోతారు. ఆ స్త్రీలు రంగస్థలం నుంచి ధైర్యం అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. 1958 నాటి సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం నీడలో బ్రతికినవారు వారు. వారి ముందుతరం స్త్రీలు 1939లో బియ్యం ఎగుమతిని ఆపడానికి ఇంఫాల్ వీధులకెక్కారు. ఆడవారి యుద్ధమనే అర్థంలో "నుపీ లాన్" అని దానికి పేరు. 1978లో కన్హాయిలాల్ ఆ చరిత్రనే నాటకంగా మలిచినప్పుడు ఇంఫాల్ బజారులో సరుకులమ్ముకునే స్త్రీలనే నటులుగా తీసుకున్నారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడానికి ఇదొక్కటే చాలదా?

ఆయన నాటకం శరీరం మీద ఆధారపడడానికి కారణం కూడా ఇటువంటి లౌకికమైనదే. 1968లో ఢిల్లీ జాతీయ నాటక పాఠశాలలో చేరారు. హిందీ, ఇంగ్లీషుల మధ్య సతమతమై, చదువు పూర్తికాకుండానే ఇంటిదారి పట్టారు. రాజధాని భాష రానివాడికి రాజధాని విద్య ఎట్లా దక్కుతుంది? 1969లో సబిత్రితో కలిసి ఇంఫాల్‌లో "కలాక్షేత్ర మణిపూర్" స్థాపించారు. మాటను తగ్గించి ఊపిరిని, కూతను, నడకను సాధన చేయించారు.

"పెబెత్" (1975) చూడండి. పొయ్యి దగ్గర పిల్లలకు చెప్పే కథ. తల్లిపిట్ట పిల్లలకు రెక్కలు వచ్చేదాకా పిల్లిని పొగుడుతూ కాలం గడుపుతుంది. కన్హాయిలాల్ ఆ పిల్లికి వైష్ణవ సన్యాసి పోకడలు తగిలించారు. కథ నడుమ తల్లికి ఒక పీడకల: పిల్లి తన బిడ్డలను మచ్చిక చేసుకుని తల్లిమీదికే ఉసిగొల్పుతుంది. పద్ధెనిమిదవ శతాబ్దంలో రాజాజ్ఞతో మైతేయిలపై వైష్ణవం రుద్దబడిన సంగతి తెలిసినవారికి ఇది పిల్లల కథగా మిగలదు. నా దృష్టిలో ఆయన కృతులలో ఇదే ఉత్తమం. "ద్రౌపది" కన్న కూడా. ఇక్కడ శత్రువు తుపాకితో రాడు, జపమాలతో వస్తాడు.

మన ప్రజానాట్యమండలి బుర్రకథను తీసుకున్నప్పుడు రూపాన్ని ఉంచి కొత్త మాటలు నింపింది. కన్హాయిలాల్ దాదాపు దీనికి విరుద్ధంగా వెళ్ళారు. సంప్రదాయపు దుస్తులనూ అలంకారాన్నీ వదిలి, అది మనిషి ఒంటికి నేర్పిన విద్యను మాత్రమే పట్టుకున్నారు. అదే ఇంఫాల్‌లో 1976లో కోరస్ రెపర్టరీ థియేటర్ స్థాపించిన రతన్ థియాం (1948-2025) వెలుగులతో, వాద్యాలతో, యుద్ధవిద్యలతో మహాదృశ్యాలు నిర్మించారు. అవి కళ్ళు చెదరగొడతాయి. "పెబెత్" కడుపులో చెయ్యిపెట్టి కలచివేస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. బుర్రకథ ఒక ఊళ్ళో విన్న కుర్రవాళ్ళు మరుసటి నెలలో మరో ఊళ్ళో చెప్పగలిగారు. సబిత్రి కూతను, ఆ నడుము వంపును అట్లా ఎత్తుకుపోవడం సాధ్యం కాదు. ఏళ్ళ సాధన కావాలి, సాధన చేయించే గురువు కావాలి, ఆ ఏళ్ళు తిండి గడవాలి. 2004లోనే ప్రభుత్వం కన్హాయిలాల్‌కు పద్మశ్రీ ఇచ్చింది. 2016లో పద్మభూషణ్ ఇచ్చింది. బిరుదులతో బృందం నిలబడుతుందా అన్నది వేరే సంగతి. ఆయన పోయిన తరువాత కలాక్షేత్ర భారం సబిత్రి మీద, కుమారుడు తోంబా మీద పడింది.