సవరల గోడచిత్రములు: ప్రతికృతివిచారము

అరకులోయ మొదలు మహేంద్రగిరి వఱకు వ్యాపించిన తూర్పుకనుమలలో ననేక గిరిజనజాతులు గలవు. వారిలో సవరలు తమ యింటి లోగోడలపై వ్రాయు చిత్రమునకు "ఇడితాల్" అని పేరు. ఎఱ్ఱమట్టి పూసిన గోడపై, కొన చితుకఁగొట్టిన పుల్లతో, బియ్యపుఁబిండినీటితో దీనిని వ్రాయుదురు. చతురస్రపుఁజట్టములో మనుష్యులు, గుఱ్ఱములు, ఏనుఁగులు, సూర్యచంద్రులు గోచరింతురు. మృతులను గౌరవించుటకును, రోగము వారించుటకును, పంట పండుటకును నిది వ్రాయఁబడును. ఆ చట్టము గతించినవానికి నిల్లని సవరల విశ్వాసము.

ఇది రూపచిత్రము కాదని కొందఱాక్షేపింపవచ్చును. ముఖమునఁ బోలిక లేదు గదా! అద్దమందలి ప్రతిబింబమువలె నుండునది విద్ధచిత్రమని 12వ శతాబ్దిలోఁ జాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసము లక్షణము చెప్పినది. ఆ లక్షణ మిచటఁ బొసఁగదు. అయినను, పోలిక యొక్కటియే వ్యక్తిని నిలుపునా? 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమున, 7 సంపుటములలో, ఛాయాపటములు పెక్కులు గలవు. అందు ముఖము యథాతథముగా నున్నది. క్రింద మాత్రము తఱచుగాఁ గులనామమే కాని మనుష్యుని పేరు లేదు. గోడచిత్రమున ముఖము లేదు. కాని యది యెవనికొఱకు వ్రాయఁబడెనో యింటివా రెఱుఁగుదురు. మొదటిది జాతి కుదాహరణము; రెండవది వ్యక్తికి స్థానము.

పాణిని యష్టాధ్యాయిలో నైదవ యధ్యాయము మూఁడవ పాదమున 96వ సూత్రము ప్రతికృత్యర్థమునఁ గన్‌ప్రత్యయమును విధించును. గుఱ్ఱపుబొమ్మ "అశ్వకము" అగును. జీవికకై యుండియు నమ్మకమునకుఁ గాని ప్రతికృతియందు నా ప్రత్యయము లోపించునని 99వ సూత్రము. కావునఁ బూజనొందు ప్రతిమ శివుఁడే, అంగడిబొమ్మ శివకుఁడు. ఇంటిగోడపై నున్న ఇడితాల్ మొదటి కోవలోనిది. నేఁడది కాగితముపైనను, గుడ్డపైనను వ్రాయఁబడి యమ్ముడగుచున్నది. ఇందు దోషము లేదు. కళచే జీవించుట న్యాయమే. వెల చేరి పేరు పోవుటయే దోషము.

ఇది కాలమెఱుఁగని యాదిమకళ యనుటయు సరి కాదు. సైకిలు, రైలు, విమానము, అధికారులును నీ చిత్రములఁ జేరుటను వెరియర్ ఎల్విన్ 1955లోఁ బ్రకటించిన సవరమత గ్రంథమున వివరించెను. తమపై నధికారము నెఱపువారిని సైతము తమ చట్టములోఁ దమ రేఖలతో నిలిపిన జనుల వివేక మిందుఁ గానవచ్చును.

గిడుగు రామమూర్తి (1863–1940) సవరల నోటనుండియే వారి భాష నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును బ్రకటించి, లిపి లేని భాష లక్షణము లేని భాష కాదని నిరూపించెను. అట్లే ముఖము లేని చిత్రము వ్యక్తి లేని చిత్రము కాదు. కావునఁ బ్రదర్శనశాలలందు "సవరచిత్రము" అని యూరకుండక, చిత్రకారుని పేరును, గ్రామమును, ఎవరికై వ్రాసినదో దానిని, వారి యనుమతితోఁ జేర్చుట ధర్మము. ప్రత్యయము చేరినంతమాత్రమునఁ బ్రకృతి లోపింపరాదు గదా!